నాలుగో రకానికి నున్నటి గుర్రాలు

పదింటికి వ్రూమన్ వస్తాడు. ఇంకా పావుగంట టైముంది. ఓవెన్ తలుపు తీసి లెనోరా ఆపిల్ కేకు చూసింది, మూసింది, మళ్ళీ తీసింది. రాత్రంతా ఆమెకు కంటి మీద కునుకు లేదు.

వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి, ఆమె భర్త ఓరిన్ రెండు జంట గొట్టాల తుపాకులను పసిపిల్లల్లా పడుకోబెట్టాడు. రెండూ ట్రాస్క్ కంపెనీవి, నూటపాతికేళ్ళ నాటివి. వెనక కుందేలు చెవుల్లా నిక్కి ఉండే గుర్రాలను, అంటే తూటాను కొట్టే చిన్న ఇనప సుత్తులను, బొటనవేలితో వెనక్కి లాగితే తప్ప పేలవు. ట్రాస్క్ తుపాకుల్లో రెండో రకానికి నగిషీ తక్కువ, గుర్రాలు నున్నగా ఉంటాయి. నాలుగో రకానికి పక్క రేకుల మీద పిట్టలు, గుర్రాల మీద ఓక్ ఆకులు ఉంటాయి. ఓరిన్ తుపాకుల్లో మాత్రం నాలుగో రకానికి నున్నటి గుర్రాలు, రెండో రకానికి ఆకుల గుర్రాలు ఉన్నాయి.

ఆ రెండూ ఓరిన్ కొనకముందు ఒక పాత ఇంట్లో ఉండిన అన్నదమ్ములవి. "ప్రేమకొద్దీ కంపెనీలోనే గుర్రాలు మార్పించుకున్నారు. ఒకడి తుపాకి మీద రెండోవాడి గుర్తు!" అని ముప్పై నాలుగేళ్ళుగా ఓరిన్ తుపాకుల క్లబ్బులో అందరికీ చెబుతున్నాడు. కొందరు నవ్వేవాళ్ళు. క్లబ్బు పత్రిక నడిపే వ్రూమన్ మాత్రం నవ్వలేదు. "గుర్రం లోపలివైపు తుపాకి నంబరు కొట్టి ఉంటుంది. శనివారం వచ్చి విప్పి చూస్తాను. కలిసిందా, మొదటి పేజీ నీదే. కలవలేదా, ఎవరో తర్వాత మార్చినట్టే," అని ఫోన్ చేశాడు.

అది విన్న దగ్గర్నుంచి లెనోరా నిప్పుల మీద నడుస్తోంది.

"కేకు ఎక్కడికీ పారిపోదులే," అన్నాడు ఓరిన్ టై ముడి వేసుకుంటూ.

"గ్యాస్ వాసన వస్తోందేమోనని."

"మనది కరెంటు ఓవెన్, లెన్."

"పోనీ, ఇవాళ విప్పకపోతే ఏం? స్క్రూ ముట్టుకుంటే విలువ పోతుందని నువ్వే అంటావుగా."

"ఇన్నాళ్ళూ అందుకే ముట్టుకోలేదు. అయినా చూడు, ఈ స్క్రూ గాడిని ఎవడో కసాయివాడు ముందే గీకిపెట్టాడు."

లెనోరా చేతిగుడ్డ బల్ల మీద పెట్టింది. "ఆ కసాయిని నేనే. వెన్న కత్తితో విప్పాను."

ఓరిన్ చేతిలో టై ముడి సగంలో ఆగిపోయింది.

"నువ్వు వీటిని తెచ్చి గోడకు తగిలించి, తెల్లారేసరికి లేళ్ళ వేటకు కొండల్లోకి వెళ్ళిపోయావు. మన డేల్‌కి అప్పుడు రెండేళ్ళు. కుర్చీ మీద స్టూలేసి ఎక్కేవాడు. గుర్రాలు లేకపోతే పేలవు కదా అని నాలుగూ పీకి పిండి డబ్బాలో దాచాను. నువ్వొచ్చే ముందురోజు బిగించాను. ఎడమవి ఎడమకి, కుడివి కుడికి జాగ్రత్తగానే పెట్టాను. ఏ జత దేనిదో చూడలేదు. అన్నీ ఇనప ముక్కలే అనుకున్నాను."

"ముప్పై నాలుగేళ్ళు నోరు మూసుకున్నావా?"

"మొదట తిడతావని. తర్వాత, ఆ అన్నదమ్ముల సంగతి చెబుతున్నప్పుడు నీ మొహం చూసి. ఇవాళ చెప్పకపోతే వ్రూమన్ ముందు నవ్వులపాలవుతావు. ఓరిన్, మొహం పాలిపోయింది నీకు. గుండెల్లో నొప్పా? అంబులెన్సు పిలవనా?"

"నోరు ముయ్యి కాసేపు."

అతను స్క్రూడ్రైవర్ తెచ్చి, నాలుగో రకం తుపాకి నుంచి ఒక నున్నటి గుర్రం విప్పాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. లోపల ఉన్నది రెండో రకం తుపాకి నంబరు.

"ఆ అన్నదమ్ములకి అసలు పడేది కాదనేవాళ్ళు ఊళ్ళో. నేనే నమ్మలేదు," అన్నాడు చివరికి.

లెనోరాకు ఏడుపొచ్చింది. "నన్ను తిట్టు. నా భయాలే నీ పరువు తీశాయి."

ఓరిన్ తలెత్తలేదు. గుర్రాన్ని దుప్పటి మీద పెట్టి, అరచేతులు తొడలకు తుడుచుకున్నాడు. "నేనూ ఒకటి దాచాను. ఆ వేట నుంచి వచ్చాకే దీన్ని మొదటిసారి తెరిచి చూశాను. కుడి గొట్టంలో తూటా ఉంది. పాతది, ఉబ్బి ఇరుక్కుపోయింది. చెమటలు కక్కుతూ బయటికి లాగి వాగులో పారేశాను. గోడకు తగిలించే ముందు చూడాల్సింది. తొందరలో చూడలేదు. నీకు చెబితే జన్మలో నిద్రపోవనుకున్నాను."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె భయపడని ఆపద లేదు. మంచుగడ్డ మీద జారతారని, రొట్టె గొంతులో అడ్డుపడుతుందని, లారీ నడిపే డేల్ నిద్రమత్తులో లోయలో పడతాడని భయపడేది. ఇంటిల్లిపాదీ ఆమెను అనుమానాల పుట్ట అనేవారు. నిజంగా గుమ్మం దాటి లోపలికొచ్చిన ఆపద ఆ తూటా ఒక్కటే. దాన్ని ఆమె వెన్న కత్తితో ఆపేసింది, ఆ సంగతి తెలియకుండానే.

వీధి తలుపు గంట మోగింది.

"వ్రూమన్‌కి ఏం చెబుతావు?"

"రెండో రకం ఒకటి, నాలుగో రకం ఒకటి, అంతకుమించి విశేషం లేదని. గుర్రాలు ఎవరు మార్చారో చెబుతాను, ఎందుకో కూడా. తూటాతో సహా."

"ఓరిన్." ఆమె కుర్చీలోంచి లేచింది. "ఇప్పుడు ఖాళీవేనా అవి?"

ఇంకో రోజయితే ఏదో ఒక వెటకారం చేసేవాడు. ఇవాళ మాత్రం తుపాకి తెరిచి, గొట్టాలను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఆమె వంగి ఒక కన్ను మూసి కుడి గొట్టంలోంచి చూసింది, తర్వాత ఎడమదాంట్లోంచి చూసింది. అవతల ఆకాశం రూపాయి బిళ్ళంత కనిపించింది.

"రెండోదీ," అంది.

గంట మళ్ళీ మోగింది. "ఉండవయ్యా, వస్తున్నా!" అని గుమ్మం వైపు కేకేసి ఓరిన్ రెండో తుపాకి అందుకున్నాడు.