మడి వంటింట్లో పాపాయి

పెళ్లయిన ఇన్నేళ్లలో విశాలాక్షికి మొగుడి మీద ఇంత ఉక్రోషం ఎప్పుడూ రాలేదు. వచ్చింది కూడా దేని గురించి? నగ గురించా, చీర గురించా? కొబ్బరికాయంత కూడా లేని ఒక పాటల పెట్టె గురించి!

అమలాపురం కాలేజీలో పాఠాలు చెప్పే కూతురు శ్రీలక్ష్మి ఆ పెట్టె పట్టుకుని కొత్తపేట వచ్చింది. వంటింటి గుమ్మం పక్కనున్న గూట్లో పెట్టి, ప్లగ్గు గుచ్చి, "అమ్మా, దీని పేరు పాపాయి. పేరు పెట్టి పిలిచి ఏ పాట కావాలో చెప్పు, వినిపిస్తుంది" అని చెప్పి బస్సెక్కి వెళ్లిపోయింది. విశాలాక్షి నమ్మలేదు. మర్నాడు పప్పు రుబ్బుతూ, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, సిగ్గుపడుతూనే నోరు విప్పింది.

"పాపాయీ, ఒక మంచి పాత పాట పెట్టమ్మా."

"అలాగేనండీ" అంది పెట్టె.

అంతే, ఆ "అండీ" దగ్గరే విశాలాక్షి పడిపోయింది. ఇంట్లో ఆవిడని ఎవరైనా అండీ అని ఎన్నాళ్లయిందని!

ఆ ఇంట్లో వంటంటే మడి వంటే. ఆవిడ భర్త గౌరీశంకరం గారు ఘనపాఠి, గుళ్లో వేదపారాయణ చేస్తారు. పొద్దున్నే స్నానం చేసి, ఎవరూ తాకని దండెం మీద ఆరిన చీరని కర్రతో దింపుకుని కట్టుకున్నాక, వంటయ్యి వడ్డన పూర్తయ్యేవరకూ విశాలాక్షి మరో వస్తువు ముట్టుకోవడానికి వీల్లేదు. రేడియో ముట్టుకోకూడదు, టీవీ రిమోటు ముట్టుకోకూడదు, ఫోను సంగతి సరేసరి. పెళ్లికి ముందు పాటలంటే చెవి కోసుకునే పిల్ల, పెళ్లయ్యాక పొద్దున్నపూట విన్న పాటలన్నీ పక్కింటివాళ్లు పెట్టుకున్నవే. వాళ్లు సగంలో ఆపేస్తే ఈవిడకీ సగమే.

అలాంటిది, ముట్టుకోనక్కర్లేని సంగీతం! చేతులు పప్పులో ఉన్నా నోటితో అడిగితే చాలు! కనిపెట్టినవాడెవడో గానీ వాడింట్లో వాళ్లమ్మ తప్పకుండా మడి కట్టుకునే ఉంటుంది అనుకుంది విశాలాక్షి. ఆ వారమంతా ఆవిడ కాలు నేల మీద ఆగలేదు. పోపులో ఆవాలు చిటపటలాడుతుంటే తాళం వేసింది. పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది, అయినా నవ్వుతూనే వడ్డించింది.

గౌరీశంకరం గారికి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ పులుసు తిన్నది ఆయనే కదా.

"అదీ ఒక పాటేవిటే! పాటని ముక్కలు ముక్కలుగా కోసి, చెవికి ఆనవులే అనుకున్న ముక్కలన్నీ పారేసి, మిగిలింది పంపిస్తారట. నా శిష్యుడు శివరామ్ చెప్పేడు. స్వరం ఒక్క పిసరు తప్పితే కొంపలంటుకుంటాయని మేం ప్రాణం పెట్టి చదువుతుంటే, వీళ్లు ముక్కలకి ముక్కలే పారేస్తారా?"

"అరటికాయ కూడా తొక్క తీసే కదండీ వండుతాను. తొక్క ఏదీ అని మీరెప్పుడైనా అడిగేరా?" అంది విశాలాక్షి.

 పాటని అరటికాయతో పోల్చేసరికి ఆయన కోపం ఇంకాస్త పెరిగింది.

ఈ తగువులో ఊళ్లోవాళ్లంతా తలో మాటా వేశారు. పక్కింటి ఉషారాణి గోడవతల నుంచి, "టేపు రికార్డరే నయమండీ అక్కయ్యగారూ. టేపు బయటికొచ్చేస్తే పెన్సిల్ పెట్టి చుట్టుకునేవాళ్లం. ఇది అలిగితే ఎవర్ని బతిమాలుకుంటాం?" అంది. గౌరీశంకరం గారి శిష్యుడు శివరామ్ ముప్పై ఏళ్లవాడు, పెళ్లయినవాడు, పారాయణలో ఎంత గట్టివాడో ఫోన్లో కారు పందేల ఆటలోనూ అంత గట్టివాడు. అతను గుమ్మంలో నిలబడి, "పెట్టెలో వింటే ఏవుందండీ పిన్నిగారూ? చెవుల్లో పెట్టుకునేవి తెచ్చుకోండి, వాయించేవాడు మీ తల్లోనే కూర్చున్నట్టుంటాడు" అన్నాడు.

"నా తల్లో ఇప్పటికే మీ గురువుగారు కూర్చున్నారు నాయనా, ఇంకొకరికి చోటు లేదు" అంది విశాలాక్షి.

గురువుగారు ఆ మాట విన్నారు. విని, ఇక లాభం లేదని తీర్పు చెప్పేశారు.

"మా నాన్నగారి తద్దినం వస్తోంది. అది అయిన మర్నాడు ఆ పెట్టె అమలాపురం వెళ్లిపోవాలి. అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెప్పేను. తద్దినం రోజు మాత్రం దాని నోరు లేవకూడదు."

"పిలిస్తే గానీ పలకదండీ అది. మంచి పిల్ల. మీరూ ఒక్కసారి పిలిచి చూడకూడదూ?"

"నేనా! నేను దాన్ని పేరు పెట్టి పిలిస్తే నా పేరు గౌరీశంకరం కాదు!"

విశాలాక్షికి తెలుసు, ఈయన మాటంటే మాటే. పెళ్లప్పుడు వంకాయ తిననన్నవాడు ఇప్పటికీ తినలేదు. ఆ రాత్రి ఆవిడకి ఏడుపొచ్చినంత పనయింది. ఇంత చిన్న సరదా, అదీ ఇన్నేళ్లకి దొరికింది, ఇట్టే పోతుందా?

తద్దినం రోజు వచ్చింది. చీకటితోనే లేచి తడిబట్టతో మొదలుపెట్టి గారెలు, అప్పాలు, పరమాన్నం, నువ్వులుండలు, కూరలు, పచ్చళ్లు అన్నీ ఒంటి చేత్తో చేసింది విశాలాక్షి. పాపాయిని ఒక్కసారి కూడా పిలవలేదు. అది గూట్లో బుద్ధిగా కూర్చుంది.

భోక్తలుగా ఇద్దరు వచ్చారు. ఒకరు శివరామ్. రెండోవారు రాజోలు నుంచి వచ్చిన సోమయాజులు గారు, ఎనభై దాటిన పెద్దాయన, గౌరీశంకరం గారి నాన్నగారికి శిష్యుడు. చనిపోయిన పెద్దాయన స్థానంలో కూర్చునేది ఈయనే. అంటే ఆ పూటకి ఆయన సోమయాజులు గారు కాదు, సాక్షాత్తూ విశాలాక్షి మావగారే. ఆయన అడిగింది లేదనకూడదు.

భోక్తలు నడవలో విస్తళ్ల ముందు కూర్చున్నారు. భోజనం ముగిసేవరకూ వాళ్లు మౌనం. వడ్డించేవాళ్లు మాట్లాడితే విస్తట్లో తుంపర పడుతుందని, ఆ ఇంట్లో వడ్డించే ఇల్లాలిదీ మౌనమే. నోరు విప్పగలిగింది వేలికి దర్భ పవిత్రం పెట్టుకుని నిలబడ్డ గౌరీశంకరం గారొక్కరే.

విశాలాక్షి రెండో గారె వడ్డించబోతుండగా గోడ గడియారం పన్నెండు కొట్టింది.

ఆవిడ చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది. అయ్యో, అయ్యయ్యో! వచ్చిన మూడోనాడే తను పాపాయికి చెప్పి పెట్టింది కదా, "రోజూ పన్నెండింటికి నాకొక పాట పెట్టమ్మా" అని! పిలిస్తే గానీ పలకదని మొగుడి దగ్గర గొప్పలు పోయింది గానీ, రోజూ వినడం అలవాటైపోయి, ముందే పిలిచి ఉంచిన సంగతి పూర్తిగా మర్చిపోయింది!

"పన్నెండయిందండీ. మీ పాట" అంది పాపాయి మర్యాదగా.

మొదలయింది. అదేమైనా భక్తిపాటా? కాదు. పడవలో ఇద్దరు కూర్చుని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ పాడుకునే పాట! వయొలిన్లు ఝుమ్మని లేచాయి. వెనకాల ఎవరో ఈల కూడా వేశారు.

గౌరీశంకరం గారి మొహం కందగడ్డయింది. భార్య వంక చూశారు. ఆవిడ చేతిలో గారెల పళ్లెం చూపించి, మూసిన పెదాలు చూపించి, నేనేం చెయ్యనండీ అన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఉషారాణిని కేకేద్దామా అంటే మడి లేని మనిషి ఆ పూట నడవలోకి రాకూడదు. తనే వెళ్లి పీకేద్దామంటే మడి! పదిమంది చేతులు పడ్డ పెట్టె అది, ముట్టుకుంటే మళ్లీ స్నానం, మళ్లీ తడిబట్ట, కార్యక్రమం మధ్యలో ఆగిపోతుంది. ఇక మిగిలింది నోరు. ఆ నోటితో మొన్ననే శపథం పట్టారాయె.

ఆయన గూటి ముందుకెళ్లి, పేరు పెట్టకుండా, "ఇష్!" అన్నారు. అది ఆగలేదు. "చాలు!" అన్నారు. ఆగలేదు. గొంతు సవరించుకుని గంభీరంగా, "విరమ! విరమ!" అని సంస్కృతంలో ఆజ్ఞాపించారు. పడవ పాట హాయిగా పల్లవిలోకి తిరిగి వచ్చింది.

శివరామ్ భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకోవడానికి అతను అప్పం మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. విశాలాక్షి గోడకి తిరిగి నిలబడింది. భయం వేస్తోంది, నవ్వొస్తోంది, దానికి తోడు పాట బాగుంది కూడాను!

అప్పుడు గౌరీశంకరం గారికి మడి కర్ర కనిపించింది. దండెం మీది బట్టలు దింపే ఆ పొడవాటి కర్రని అందుకుని, దూరంగా నిలబడి, గురి చూసి, పెట్టె నెత్తిన ఒక్క పోటు పొడిచారు. అక్కడున్నది శబ్దం పెంచే మీట. పాట ఇల్లంతా మార్మోగింది. కంగారుపడి మళ్లీ పొడిచారు. ఇంకా పెరిగింది. గోడవతల నుంచి ఉషారాణి, "ఏవండోయ్ అక్కయ్యగారూ, ఇవాళ తద్దినం అన్నారు కదండీ!" అని అరిచింది. మూడో పోటు పక్కకి జారి గోడ మీది స్విచ్చుకి తగిలింది. సరిగ్గా చరణం మంచి పట్టులో ఉండగా పాట తెగిపోయింది.

 తక్కిన వడ్డన సాగింది. విశాలాక్షి తలెత్తలేదు. మర్నాటిదాకా ఎందుకు, ఈ పెట్టె ఇవాళే బస్సెక్కేస్తుంది అనుకుంది. నవ్వంతా ఎటు పోయిందో పోయింది.

భోజనం ముగిసింది. తృప్తి అయిందా అని కర్త అడగాలి, అయింది అని భోక్తలు చెప్పాలి. అది పద్ధతి. గౌరీశంకరం గారు చేతులు జోడించి, అవమానంతో తల వంచుకుని అడిగారు.

శివరామ్ వెంటనే అయిందన్నాడు. సోమయాజులు గారు మంచినీళ్లు తాగారు. విస్తరి వంక చూశారు, గూటి వంక చూశారు.

"కాలేదు" అన్నారు.

గౌరీశంకరం గారు హడలిపోయారు. "ఏం లోపం జరిగిందండీ? ఏం వడ్డించమంటారు?"

"వంటకి వంక లేదురా. ఆ పాట సగంలో ఎందుకు ఆపేసేవు?"

విశాలాక్షి చేతిలోంచి గరిటె జారి పరమాన్నంలో పడింది.

"దిండి రేవులో సోడా కొట్టుండేది" అన్నారు పెద్దాయన తాపీగా. "అప్పటికి వంతెన లేదు, పంటు మీదే గోదావరి దాటాలి. పారాయణ అయి నేనూ మీ నాన్నా వస్తుంటే ఆ కొట్లో రేడియో ఈ పాటే పాడుతోంది. పంటు వచ్చింది. ఎక్కండి గురువుగారూ అన్నాను. ఉండరా, చరణం అవనీ, అన్నాడు మీ నాన్న. పంటు వెళ్లిపోయింది. ఆ సాయంత్రమంతా రేవులోనే కూర్చున్నాం. ఇంటికెళ్లి చెప్పకురోయ్, శంకరానికి నేనంటే భయం ఉండాలి, అన్నాడు కూడాను."

 నవ్వగా గౌరీశంకరం గారు ఎన్నడూ చూడని తండ్రి! ఆ తండ్రి పాట కోసం పంటు వదిలేసుకున్నాడా?

"ఈ పూట నేను నీకు ఎవర్ని?" అని అడిగారు సోమయాజులు గారు.

"మా నాన్నగారండీ."

"మీ నాన్న అడుగుతున్నాడు. చరణం అవనీ."

ఇక తిరుగుందా? గౌరీశంకరం గారు మళ్లీ మడి కర్ర అందుకుని స్విచ్చు వేశారు. పెట్టె నెత్తిన దీపం వెలిగింది.  ఆయన పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. ఇంకోసారి ప్రయత్నిస్తే, "పాపాయి" అని గొణుగుడు వచ్చింది. దానికి వినపడలేదు. చివరికి కళ్లు మూసుకుని, నాభి దగ్గర నుంచి ఊపిరి తీసి, వేదంలో దేవతల్ని పిలిచేటంత దీర్ఘంగా, స్వచ్ఛంగా పిలిచారు.

"పాపాయీ!"

"చెప్పండి" అంది పాపాయి.

"ఇందాకటి పాట... మొదట్నుంచీ పెట్టమ్మా."

"అలాగేనండీ."

పడవ కదిలింది. సోమయాజులు గారు కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేశారు. గౌరీశంకరం గారు స్తంభానికి ఆనుకుని నిలబడి చరణం దాకా విన్నారు, చరణం అయ్యేదాకా విన్నారు, కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. పాట ఆగాక సోమయాజులు గారు చెయ్యి ఎత్తి, "ఇప్పుడు అయింది" అన్నారు.

మర్నాడు పొద్దున్న, మాట మాటే కాబట్టి, మడి కట్టుకోక ముందే విశాలాక్షి ప్లగ్గు తీసి, పాపాయిని పాత తువ్వాల్లో చుట్టి, సంచిలో పెట్టి గుమ్మం పక్కన ఉంచింది. వంటింట్లో పోపు శబ్దం తప్ప ఇంకేం లేదు. ఆ పోపు కూడా ఆవిడకి ఏడుస్తున్నట్టే వినిపించింది.

రోజూ పన్నెండున్నర దాటితే గానీ రాని గౌరీశంకరం గారు ఆ రోజు గుళ్లోంచి వగరుస్తూ ముందే వచ్చేశారు. గూడు చూశారు. సంచి చూశారు. గడియారం చూశారు.

"అదేవిటే, ఇంకా పెట్టలేదూ? పన్నెండవుతోంది!"

"మీరే కదండీ అమలాపురం పంపెయ్యమన్నారు? పేరు పెట్టి పిలిస్తే మీ పేరు గౌరీశంకరమే కాదన్నారు?"

ఆయన అప్పటికే సంచిలోంచి పాపాయిని తీసి, తువ్వాలు విప్పి, ప్లగ్గు ఎక్కడ గుచ్చాలో వెతుక్కుంటున్నారు.

"పేరు ఎలాగూ నిన్ననే పోయింది" అన్నారు. "పాట కూడా పోగొట్టుకోమంటావా ఏవిటి?"