ఎత్తిన చెయ్యి

నేను ఒక ఫిల్ము ముక్కను. చుట్ట చుడితే అరచేతిలో ఇమిడిపోతాను. నాలో ఉన్నది మాత్రం ఒక మనిషి చావు.

కర్నూలు పక్క రాళ్లగుట్టల్లో, ఒక చారిత్రక సినిమాకి యుద్ధం తీస్తుండగా పుట్టాను. కొబ్బరికాయ కొట్టారు. గుర్రాలకు కూడా హారతి ఇచ్చారు. గుర్రమెక్కిన ఫైటర్ దేవసహాయానికి మాత్రం కవచమంటూ అట్టముక్క కట్టి వెండిరంగు పూశారు.

ఫైటర్లలో ఒక కట్టుబాటు ఉంది. పడినవాడు అరచెయ్యి తెరిచి పైకెత్తితే అది నటన కాదు, నిజంగా దెబ్బ తగిలిందని అర్థం. వెంటనే అంతా ఆపెయ్యాలి. దేవసహాయం గుర్రంతో సహా కూలాడు. చెయ్యెత్తాడు. దర్శకుడు చక్రధరరావుకి ఆ గుర్తు బాగా తెలుసు.

"ఆపకు, తిరగనీ! భలే వస్తోంది" అన్నాడు కెమెరామన్‌తో.

వెనక గుర్రాలు వచ్చేశాయి. చెయ్యి కాసేపు నిలబడి, వాలిపోయింది.

నిర్మాత నన్ను కత్తిరించేయమన్నాడు. జాలిపడి కాదు, పోలీసు కేసుకి జడిసి. నేను లేని సినిమాలో రాజు గెలిచి, ఏనుగెక్కి, పాట పాడుకున్నాడు. జనం విరగబడి చూశారు. నేను తుప్పు డబ్బాలో పడున్నాను. చూపించలేనిదాన్ని కూడా పారేయలేరు మనుషులు, అదేం జబ్బో.

ముసలితనంలో చక్రధరరావుకి తన సినిమా తాను అనుకున్నట్టు రాలేదన్న దిగులు పట్టుకుంది. దర్శకుడు తనకు నచ్చినట్టు మళ్లీ కూర్చిన 'డైరెక్టర్స్ కట్' అని ప్రకటించి, ఆ పాట తీసేసి, అక్కడ నన్ను అతికించాడు. నాకు సన్నాయి తోడిచ్చాడు. అంతే, కథే మారిపోయింది. ప్రాణం పోతున్నా రాజుకి సలాం చేసే సైనికుడు, అది చూశాక గెలుపు చేదెక్కిన రాజు!

తోటి ఫైటర్లు చెప్పగా విని, దేవసహాయం భార్య రాహేలు గుంటూరు నుంచి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యా, ఆ ముక్క పెట్టమాకండి. ఆయన సలాం చెయ్యట్లా, ఆపమంటున్నాడు. మీకు తెలవదా?"

"నాకు తెలుసమ్మా. చూసేవాళ్లకి తెలీదుగా! మీ ఆయన్ని జనం గుండెల్లో పెడుతున్నాను" అంటూ మొదటి ఆటకి పాసు చేతిలో పెట్టాడు. నాకు నోరుంటే ఉమ్మేసేదాన్ని.

అయినా రాహేలు వెళ్లింది. మొగుడి ముఖం చూసి ఏళ్లయింది మరి. తెరమీదకి నేను వచ్చాను. హాలంతా చప్పట్లు, ఈలలు. ఆమె సీట్లోంచి లేచి, అరచెయ్యి తెరిచి పైకెత్తింది.

"చెయ్యి దించమ్మా, తెర కనబడట్లేదు" అన్నాడు వెనక వరసాయన.

దించింది. నేను చివరిదాకా ఆడాను. ఈసారీ ఎవరూ ఆపలేదు.