గురువారం చెప్తా

మూడో నంబరు మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, నాలుగు మూలలూ పరుపు కిందికి దోపి, సుగుణమణి నడుము మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం నిలబడింది. ఇంకా ఆరు మంచాలున్నాయి. ఏడు గంటలకు మొదటి బ్యాచ్ రోగులు వస్తారు. ఈలోగా నేల తుడవాలి, చెత్తడబ్బాలకు కొత్త సంచులు తొడగాలి, బరువు తూచే మిషన్ మీద నిన్నటి మట్టి తుడవాలి. నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక ట్రస్టు వాళ్లు నడిపే చిన్న ఆస్పత్రి అది. రెండో అంతస్తులో, కిడ్నీలు పాడైనవాళ్లకు డయాలసిస్ చేసే గదిలో ఆమె పదహారేళ్లుగా ఆయా.

ఆమె నీలం ఏప్రన్ కుడి జేబు ఎప్పుడూ బరువుగా వేలాడుతుంటుంది. అందులో ఉండేది పుస్తకం. అట్టకు చర్చి క్యాలెండరు కాగితం తొడిగి ఉంటుంది. పైకి కనబడేది గొర్రెపిల్లను భుజానెత్తుకున్న కాపరి. లోపలి అట్ట మీద మాత్రం చొక్కా లేని మగవాడు, పెదవి చివర కోర, వెనక ఎర్రటి చందమామ.

అలాంటి పుస్తకాలంటే ఆమెకు ప్రాణం. నెత్తురు తాగి వందల ఏళ్లు బతికేవాళ్లు, పున్నమినాడు తోడేళ్లయ్యేవాళ్లు, మహానగరాల కింద రైలు సొరంగాల్లో కాపురాలు చేసేవాళ్లు, వాళ్ల మీద మనసు పడే మామూలు ఆడపిల్లలు. అన్నీ ఇంగ్లీషు నవలలే. ఆదివారం ఆరాధన అయ్యాక తెల్ల చీరతోనే, చంకలో బైబిలుతోనే ఆబిడ్స్‌కు నడుస్తుంది. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చుంటుంది. అమ్మే వెంకటేశం దూరం నుంచే చూసి, "అమ్మా, మీ దయ్యాలొచ్చినయ్, తీసి పక్కకు పెట్టిన" అంటాడు.

ఒకసారి చర్చి స్త్రీల సమాజం కమలకుమారి ఆమె గదికొచ్చి, మంచం కింద వరసగా పేర్చిన అట్టల బొమ్మలు చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "సుగుణా, ఏందే ఇవి? ఇంట్ల ప్రార్థన పెట్టిద్దమా?" అని అడిగింది. అప్పటి నుంచే క్యాలెండరు కాగితం తొడుగులు.

మెదక్ మిషన్ హాస్టల్లో చదివిన పిల్ల సుగుణమణి. ఇంగ్లీషు అక్కడే పట్టుబడింది. ఇంటర్ అయ్యాక నర్సు శిక్షణకు వెళ్లాలనుకుంది. పంతొమ్మిదో ఏట వేళ్ల చివర తెల్లగా మొదలైన బొల్లి ఏడాది తిరిగేసరికి మోచేతుల దాకా పాకింది, మెడ మీద అరచేయంత మచ్చ తేలింది. అంటేది కాదని డాక్టర్లు చెప్పారు, కాగితం రాసిచ్చారు. నర్సు శిక్షణకు ఎంపిక చేసేవాళ్లు ఆ కాగితం చదివి, ఆమె చేతులు చూసి, మళ్లీ కాగితం చూసి, కబురు చేస్తామన్నారు. ఐదేళ్లకు జహీరాబాద్ నుంచి ఒక కాంపౌండరు సంబంధం వచ్చింది. పిల్లవాడి తల్లి సుగుణమణి ఇచ్చిన టీ కప్పు అందుకుంది, కింద పెట్టింది, వెళ్లేదాకా దాని వంక చూడలేదు. మీగడ కట్టిన ఆ టీ సుగుణమణే పారబోసింది. తండ్రి మరి సంబంధాలు చూడలేదు. ఆయనా, తల్లీ పోయాక తమ్ముడు జాబెజ్ సికింద్రాబాదులో ఇల్లు కట్టుకున్నాడు. క్రిస్మస్‌కు ఫోన్ చేస్తాడు.

ముప్పై ఎనిమిదో ఏట అలాంటి నవల మొదటిసారి చేతికొచ్చింది. అందులో అమ్మాయి మెడ మీద పుట్టుమచ్చ. అందరూ దాచుకోమన్న ఆ మచ్చను చూసి, నాలుగు వందల ఏళ్లవాడు మోకాళ్ల మీద కూలబడి, దీని కోసమే ఇన్ని ఊళ్లు తిరిగానంటాడు. సుగుణమణి పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

ఏడు దాటాక రాజనర్సు వచ్చాడు. యాభై రెండేళ్లు. సిద్దిపేట దగ్గర పల్లెలో రెండెకరాలు దున్నినవాడు. బోర్లు ఎండిపోయాక పట్నం వచ్చి ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్ అయ్యాడు. సోమవారం, గురువారం అతని వంతు. భార్య నర్మద మెట్ల దాకా పట్టుకొచ్చి బయట బెంచీ మీద కూర్చుంటుంది. ఆ సోమవారం అతని మొహం ఉబ్బి కళ్లు సన్నబడ్డాయి. బరువు మిషన్ ఎక్కగానే టెక్నీషియన్ కరుణాకర్ నెత్తి కొట్టుకున్నాడు.

"నాలుగున్నర కిలోలు పెరిగినవ్ అన్నా. మల్ల నీళ్లు తాగినవా?"

"జరంత తాగిన."

"జరంతనా గిది?"

రాజనర్సు మూడో మంచం మీద పడుకుని ఎడమ చెయ్యి చాపాడు. సూదులు దిగాయి. ఎర్రటి నెత్తురు ఒక గొట్టంలో బయలుదేరి, మిషన్ చుట్టూ తిరిగి, ఇంకో గొట్టంలో వెనక్కి వచ్చింది. సుగుణమణి అందరికీ ఇడ్లీలు పంచి, కింద పడిన రెండు నెత్తురు చుక్కలు తుడిచి, స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది.

రెండేళ్ల కింద ఇతనే డయాలసిస్ మానేసి ఇంట్లో పడుకున్నాడు. మూడో వారం ఊపిరాడకపోతే నర్మద ఆటోలో తెచ్చి పడేసింది. ఈ సూదులు ఇక వద్దని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. డాక్టరు చెప్పినా వినలేదు. సుగుణమణి దుప్పటి సర్దుతుంటే జేబులోంచి పుస్తకం జారింది, తొడుగు ఊడింది.

"ఎవడక్కా గీ కోరలోడు?" అన్నాడు.

అతను నోరు విప్పడం అదే మొదలు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వింటూనే అతను సూదులకు చెయ్యి చాపాడు. కోట తలుపు తెరుచుకునే చోటికి వచ్చేసరికి మిషన్ టైము అయిపోయింది. "తర్వాతేమైంది?" అన్నాడు. "గురువారం రా, చెప్తా" అంది. గురువారం వచ్చాడు. అప్పటి నుంచి ఒక్క వంతు తప్పలేదు. పంతొమ్మిది నవలలు అయిపోయాయి. ప్రతిసారీ ఆమె ఎక్కడ ఆపాలో ముందు రోజే చూసి పెట్టుకునేది.

ఇంగ్లీషు పేర్లు అతనికి నిలవవని ఆమె తెలుగులో పేర్లు పెట్టేది. ఒకసారి నాయకుణ్ని నల్లదొర అంటే, "దొర అనకక్కా. మా ఊరి దొర నిజంగనే నెత్తురు తాగిండు, గసొంటోని మీద మనసెట్ల పడ్తది?" అన్నాడు. పక్క మంచాల వాళ్లు కూడా నవ్వారు. పడకగది పేజీలు ఆమె చప్పుడు కాకుండా దాటేసేది. "గీడేదో పేజీ తిప్పినవ్" అని పట్టేసేవాడు. నెత్తురు తాగేవాళ్ల దప్పిక గురించి చెప్పినప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు. రోజంతా కలిపి అతనికి అర లీటరు నీళ్లే. "గా బాధ నాకెరుకే. ఎండల దుక్కి దున్నొచ్చి కుండల చెంబు ముంచెటోన్ని. గిప్పుడు కలల గూడ నల్లా నీళ్లే వస్తయ్" అనేవాడు.

సుగుణమణి చేతుల మీది తెల్లదనం చూసి కొత్త రోగులు ఇడ్లీ ప్లేటు అందుకునే ముందు కొంచెం ఆగేవారు. ఆమెకు అలవాటే. రాజనర్సు మొదటిరోజు ఆగలేదు. ఆ తర్వాతా ఆగలేదు.

ఇప్పుడు నడుస్తున్న కథ రాత్రిరాజుది. నగరం కింద మూతపడిన రైలు సొరంగంలో నాలుగు వందల ఏళ్లుగా ఉంటున్నాడు. అంబులెన్సు నడిపే పిల్లను ప్రేమించాడు. శత్రువులు ఆ పిల్లను పొడిచారు. తెల్లవారేలోగా అతని నెత్తురు తాగితే ఆమె చావదు, కానీ మళ్లీ ఎండ చూడలేదు. తాగకపోతే పొద్దు పొడవదు ఆమెకు. సుగుణమణి నిన్న సాయంత్రమే పుస్తకం పూర్తి చేసింది. ఆఖరి పన్నెండు పేజీలు గురువారానికని అట్టిపెట్టింది.

"రాత్రిరాజు మణికట్టు కోసుకుని పిల్ల నోటి దగ్గర పెట్టిండు. తూర్పు దిక్కు తెల్లవడ్తున్నది" అని చెప్పి ఆగింది.

"చెప్పక్కా."

"టైమైంది తమ్మీ."

"ఇంకా అర్ధగంట ఉన్నది. గడియారం నాకు గూడ కనవడ్తది."

ఆమె లేచి పక్క మంచం దుప్పటి సర్దింది. సర్దాల్సింది ఏమీ లేదు.

"అక్కా, ఇయ్యాల ఆఖరి దాకా చెప్పు. అలసిపోయిన నేను. గురువారం దాకా ఎందుకు?"

ఆ మాటతో ఆమెకు రెండేళ్ల కింద గోడ వైపు తిరిగిన మొహం గుర్తొచ్చింది. కథ ఇప్పుడు ముగించేస్తే గురువారం ఇతను దేని కోసం వస్తాడు? కొత్త నవల మొదలుపెడతానంటే సరేనంటాడేమో, అనకపోతే? వెళ్లి మళ్లీ స్టూలు మీద కూర్చుంది. పుస్తకం జేబులోంచి సగం తీసింది. మళ్లీ లోపలికి తోసింది.

"గురువారం రా. ఒట్టు, మొత్తం చెప్తా."

రాజనర్సు ఆమె వంక చూశాడు. పెదవులు పగిలి ఉన్నాయి. కోపం రాలేదు.

"గట్టిదానివే నువ్వు. కానియ్, గురువారమే చెప్పు."

కరుణాకర్ సూదులు తీశాడు. దూది అదిమి పట్టుకుని రాజనర్సు లేచాడు, నర్మద వచ్చి భుజం కింద చెయ్యి వేసింది. మెట్ల దగ్గర ఒకసారి ఆగాడు. ఊపిరి తీసుకోవడానికే ఆగాడు.

తర్వాత రెండో బ్యాచ్, దుప్పట్లు, నేల. రెండు గంటలకు డబ్బా తెరిచి పచ్చడన్నం తింది. సాయంత్రం చాపెల్ రోడ్డు వెనక తన కిరాయి గదికి వెళ్లి ఆఖరి పన్నెండు పేజీలు మళ్లీ చదివింది. అతనికి ఎలా చెప్పాలో మనసులో ఒకసారి చెప్పుకుంది.

గురువారం ఏడున్నరైనా మూడో మంచం ఖాళీగానే ఉంది. ఎనిమిదైంది. కరుణాకర్ ఫోన్ చేశాడు. వింటూ వింటూ కిటికీ వైపు తిరిగాడు. సుగుణమణి చేతిలోని ఇడ్లీ ప్లేటు ఎవరికివ్వాలో మర్చిపోయి అలాగే నిలబడింది.

"నిన్న పొద్దుగాల, గేటు కాడ కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండంట" అన్నాడు కరుణాకర్. ఫోన్ జేబులో పెట్టుకుని, "ఆ మంచం ఖాళీ ఉంచకు సుగుణమ్మా, వెయిటింగ్‌ల ఉన్నోళ్లున్నరు" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆమె దుప్పటి మార్చింది. నాలుగు మూలలూ దోపింది.

మరో సోమవారం గడిచాక, ఒక మధ్యాహ్నం నర్మద వచ్చింది. ఊళ్లో దినాలు అయిపోయాయి, పట్నం గది ఖాళీ చేసి వెళ్లిపోతోంది. ఆస్పత్రి కార్డు తిరిగిచ్చి, బయట ఎప్పుడూ కూర్చునే బెంచీ మీదే కూర్చుంది. సుగుణమణి వెళ్లి పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకోబోయి, అలవాటు కొద్దీ వెనక్కి తీసుకుంది. నర్మదే ఆ చెయ్యి అందుకుంది.

"అక్కా, ఒకటడగాలె నిన్ను. ఏమనుకోకు."

"అడుగు చెల్లే."

"రాత్రిరాజు కథ ఏమైంది?"

సుగుణమణి తెల్లబోయింది.

"ఇంటికొచ్చినంక నాకు మొత్తం చెప్పెటోడు. నేను రొట్టెలు చేస్తుంటే పీటేసుకుని కూసుని, నువ్వెట్ల చెప్తవో గట్లనే చెప్పెటోడు. మంగళారమంత మా ఇద్దరికి గదే లొల్లి. పిల్ల నెత్తురు తాగదనె ఆయన. ఎండ లేని బతుకేం బతుకనె. నేను తాగుతదంటి. పొద్దుగూకె దాకా కొట్లాడినం." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎవలు గెలిచిన్రక్కా?"

అబద్ధం చెప్పాలని సుగుణమణికి నోటి దాకా వచ్చింది. పోయిన మనిషిని గెలిపించడం ఎంత పని? కానీ పంతొమ్మిది నవలల్లో ఒక్కదాని ముగింపూ మార్చి చెప్పలేదు. జేబులోంచి పుస్తకం తీసి, ఆఖరి పన్నెండు పేజీలు ఒక్కొక్కటీ తెలుగులో చెప్పుకుంటూ వచ్చింది. ఏ పేజీ దాటలేదు. తూర్పున వెలుగు పాకడం, పిల్ల కళ్లు మూతలు పడటం, అతను బతిమాలడం, ఆమె ఒకసారి కాదని తల తిప్పుకోవడం, చివరికి అతని మొహం చూసి నోరు తెరవడం.

"తాగింది చెల్లే."

"తాగింది గదా." నర్మద ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తాగాలె. నేను చెప్పలే? తాగకపోతే ఎనకున్నోళ్ల గతేంది?"

ఆమె సుగుణమణి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మెట్లెక్కే వాళ్లు చూసి పక్కకు తప్పుకుని వెళ్లారు. సుగుణమణి ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. "నేనే ఆ రోజు చెప్పకపోతి, ఆఖరి దాకా చెప్పుమన్నడు" అంది. నర్మద తల ఎత్తలేదు. "చెప్పకుంటేనే మంచిగైంది. మంగళారం మాకు మాటలుండె" అంది.

లేచి కళ్లు తుడుచుకుని, చేతిసంచిలోంచి కాగితంలో చుట్టినవి రెండు తీసి బెంచీ మీద పెట్టింది.

"మా చెట్టుయి. దసరాకు ఊరికి పోయినోళ్లు తెస్తే, నాకెట్లాగు తిన రాదు, మా అక్కకియ్యాలె అని బియ్యంల పెట్టిండు. గురువారానికి పండుతయన్నడు, పండలే."

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. లోపల ఏదో మిషన్ అలారం మోగితే సుగుణమణి లేచి వెళ్లింది. బెంచీ మీద విప్పిన కాగితంలో రెండు సీతాఫలాలు. ఒకటి ఇంకా రాయిలానే ఉంది. రెండోది అప్పుడప్పుడే కళ్లు విచ్చుతోంది.