గ్రాఫిక్స్ లేనిది

అమలాపురం కంప్యూటర్ల షాపులో కూర్చున్నప్పటి నుంచీ సత్యదుర్గ చూపు డబ్బాల మీద లేదు, మరిది జీవన్ మీదే ఉంది. వాడు షాపతన్ని అయ్యప్పన్నా అంటూ పిలుస్తున్నాడు. ఈ చనువు ఎప్పటిదో.

కంప్యూటరు కొనేది సత్యదుర్గ పనికి. నెట్ సెంటరు దుర్గాభవాని గారు ఇంటి దగ్గరే దరఖాస్తులు నింపే పని ఇస్తానన్నారు. సోమవారానికి కంప్యూటరు లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఒళ్ళో నిద్రపోతున్న మూడేళ్ళ అక్షయకి ఆయాసం. పిల్లని వదిలి ఎక్కడికీ ఉద్యోగానికి వెళ్ళలేదు. ఇంటర్ మధ్యలో మానేసిన తనకి ఇలాంటి పని మళ్ళీ ఎవరిస్తారు? మస్కట్ నుంచి భర్త రాజేంద్ర, ఏ ప్రాసెసర్ కొనాలో జీవన్‌కి తెలుసన్నాడు. తెలియకేం, పొద్దస్తమానం ఫోన్లో తుపాకులు పేల్చేవాడికి.

జీవన్ ఒక చిన్న ప్రాసెసర్ డబ్బా ఆమె ముందు పెట్టాడు.

"ఇది తీసుకో వదినా. గ్రాఫిక్స్ ఇందులోనే ఉంటాయి."

ఆ మాట ఆమె విన్నదే. స్నేహితులతో ఆటల గురించి మాట్లాడినప్పుడల్లా వాడి నోట అదే. అన్న డబ్బుతో తన ఆటలకి కొనిపిస్తున్నాడన్నమాట.

"గ్రాఫిక్స్ లేనిది ఉందాండీ?" అని అయ్యప్పని అడిగింది.

"ఆయ్, ఉందండి. రేటు కూడా కాస్త తక్కువండి."

"అది కాదు వదినా..."

"నువ్వూరుకో. నీ ఆటలకి కాదు కొనేది."

జీవన్ మొహం మాడ్చుకుని బయటికెళ్ళి బండి మీద కూర్చున్నాడు.

అయ్యప్ప అన్నీ బిగించి స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. దీనికి విడిగా గ్రాఫిక్స్ కార్డు పెడితేనే బొమ్మ వస్తుందని అప్పుడు చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, లేనిదే కావాలన్నారు కదండీ అన్నాడు.

సత్యదుర్గ జీవన్‌ని లోపలికి పిలిచింది. కార్డు పెడితే వాడు ఎంత పెద్ద ఆటైనా ఆడుకోవచ్చన్నాడు అయ్యప్ప. అందుకేనా ఇందాక నోరు మూసుకుని వెళ్ళిపోయింది?

"కార్డు పెట్టించమంటావా?" అని వాడి కళ్ళల్లోకి చూసింది.

వాడు కార్డు డబ్బా వైపు ఆశగా చూశాడు. "నాకైతే కావాలి. నీ పనికి అక్కర్లేదు. నేను ముందు చెప్పిందే వేయించు. చిన్న ఆటలు దాంట్లోనూ వస్తాయి. నీ పనయ్యేక ఆడుకుంటాను."

దాచకుండా అన్న ఆ మాట ఆమెకి ఒట్టు కన్నా గట్టిగా తోచింది. అయ్యప్ప మాత్రం బిగించింది వెనక్కి తీసుకోనన్నాడు.

"మా పుట్టింటోళ్ళు కురిడీకాయలు అమ్ముతారండి. కాయ కొట్టి, లోపల కొబ్బరి చూసేకే డబ్బు చేతులు మారేది. తెర వెలిగేక ఇస్తాను," అని సత్యదుర్గ సంచీ పొట్టకి ఆనించుకుని కదలకుండా కూర్చుంది.

అయ్యప్ప గొణుక్కుంటూనే విప్పి, జీవన్ మొదట చూపించింది బిగించాడు. తెర వెలిగింది. కాసేపటికి పాస్‌వర్డ్ పెట్టుకోమని అడిగింది.

"అటు తిరుగు," అంది మరిదితో.

వాడు నవ్వి గోడవైపు తిరిగాడు. షాపు అద్దం తలుపులో తన వేళ్ళు కనబడుతున్నాయేమోనని ఆమె ఒకసారి చూసుకుని, కుర్చీ జరుపుకుని, ఒక్కో అక్షరమే నొక్కింది.