దబ్బకాయ పువ్వు

నేను ఒక ఇత్తడి అచ్చుని. ఎనిమిది అంగుళాల చదరంలో సన్నని ఇత్తడి పట్టీలు వంచి, టంకంతో అతికి, గళ్లు గళ్లుగా చేశారు నన్ను. పాత ఇళ్లలో మీరు చెప్పుల్లేకుండా నడిచిన చల్లటి పూల పలకలు గుర్తుంటే, ఆ పువ్వులు నాలాంటివాళ్లు వేసినవే. ఒక్కో గడిలో ఒక్కో రంగు సిమెంటు పాలు పోస్తారు. పోసి నన్ను మెల్లగా పైకెత్తేస్తారు. రంగులు ఒకదాన్నొకటి ముట్టుకోకుండా నిలబడతాయి. వాటి మీద పొడి సిమెంటు జల్లి ప్రెస్సు కింద నొక్కితే పలక తయారు. పలక మీద గీత మిగులుతుంది, నేను కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళతాను. దీని గురించి నాకు పెద్ద బాధేమీ లేదు. ఎత్తేయడం కోసమే పుట్టానని మొదటిరోజే అర్థమైంది.

నన్ను చేసింది పాలకొల్లులో కనకాచారి అనే ఇత్తడి పనివాడు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లుంటాయి. పూల పలకల ఫ్యాక్టరీ యజమాని కామయ్య గారు కొత్త బొమ్మ కావాలని పోరుపెడుతుంటే ఆచారికి వారం రోజులు ఏమీ తోచలేదు. ఒకరోజు ఆయన భార్య ఊరగాయకని దబ్బకాయని అడ్డంగా కోసింది. లోపల పన్నెండు తొనలు. ఆచారి ఒక చెక్క పట్టుకుపోయి మసి రాసి కాగితం మీద అద్దాడు. మిగతా సగం ఏదని ఆవిడ సాయంత్రం దాకా సాధించింది. కాయలో తొనలు సమంగా లేవు. దేవుడు తొందరలో చేసిన పని ఆచారికి నచ్చలేదు కాబోలు, కంపాసు పెట్టి పన్నెండూ సమం చేశాడు. ఒక్కో పలక మీద పావు పువ్వు, మూడు పూరేకులు. నాలుగు పలకలు తిప్పి కలిపితే నిండు పువ్వు.

ఫ్యాక్టరీలో నా బాధ్యత సూరన్నది. ప్రెస్సు పనివాడు, ఇరవై నాలుగేళ్లవాడు, పెళ్లయి ఏడాది. మంచి చెయ్యి. నన్నెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. నాతో ఇంకా ఒక్క పలకా వెయ్యకముందే దసరా వచ్చి, అందరి పనిముట్లతోపాటు నాకూ ఆయుధ పూజ చేశారు. ఒళ్లంతా కొబ్బరినూనె రాశారు, పసుపు పూశారు, బొట్టు పెట్టారు. మనుషులు ఏడాదంతా వాడుకుని ఒక్కరోజు దండం పెట్టే పద్ధతి నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. మర్నాడు సూరన్న నూనె తుడవకుండానే నన్నందుకున్నాడు. చేతిలోంచి జారి గచ్చు మీద పడ్డాను. మధ్య పూరేకు ఒక పక్కకి వంగిపోయింది.

అటూ ఇటూ చూసి, సుత్తికి గుడ్డ చుట్టి నాలుగు దెబ్బలు వేశాడు. కొంత సర్దుకున్నాను, పూర్తిగా కాదు. ఊరి పఠనమందిరానికి కొత్త నేల వేస్తున్నారు, దీపావళికి ప్రారంభం. ఎవరూ కనిపెట్టరనుకుని అలాగే పోశాడు.

కామయ్య గారు కనిపెట్టారు. నానబెట్టిన తొట్టిలోంచి పలకలు తీస్తున్న రోజున ఆచారిని పిలిపించి ఒక పలక చేతిలో పెట్టారు. "ఏం ఆచారీ, కళ్లు మందగించాయా, చెయ్యి వణుకుతోందా?" అన్నారు పదిమందిలో. ఆచారి పలకని వెలుతురులో తిప్పి చూశాడు. ఆయన ముఖంలో రంగు పోయింది. అచ్చు చూస్తానని ఒక్కమాట అంటే నా ఒంటి మీద సుత్తి దెబ్బలు తెలిసిపోయేవి. సిగ్గుతో ఆ మాట అడగలేకపోయాడు. పలక కింద పెట్టి తలొంచుకుని వెళ్లిపోయాడు. మూడు గజాల దూరంలో సూరన్న నన్ను చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నోరు విప్పలేదు.

గడువు దగ్గరపడింది కాబట్టి ఆ పలకలే పరిచారు. తర్వాతి అచ్చులన్నీ కామయ్య గారు రాజమండ్రిలో చేయించుకున్నారు. ఆచారి మళ్లీ అచ్చు చెయ్యలేదు. చిల్లుపడిన బిందెలకి మాట్లు వేసుకుంటూ బతికాడు. నాకు చాలా కాలం తర్వాత తెలిసింది, ఆయన అప్పుడప్పుడు కాగితం మీద గీత గీసి భార్యకి చూపించి సూటిగా ఉందా అని అడిగేవాడట. ఉందని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా నమ్మేవాడు కాదట.

నున్నటి టైల్సు వచ్చాక ఫ్యాక్టరీ మూతపడింది. సూరన్న నన్ను సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు. అమ్మలేదు, పారెయ్యలేదు. పందికొక్కులు రాకుండా స్నానాల గది తూముకి అడ్డం పెట్టాడు. ఇరవై రెండేళ్లు సబ్బు నీళ్లు నాలోంచి పోయాయి. కళాఖండంగా నా జీవితంలో సుదీర్ఘమైన దశ అదే.

ఈలోగా పఠనమందిరం నేల మీద ఒక వింత జరుగుతోంది. నాలుగు పలకల్లో నాలుగు వంకర పూరేకులు ఒకే వైపుకి తిరిగేసరికి పువ్వు పువ్వులా లేదు, తిరుగుతున్న చక్రంలా ఉంది. రోజూ పేపరు చదవడానికి వచ్చేవాళ్లు దాన్నెప్పుడూ చూడలేదు. విజయవాడ నుంచి వచ్చిన అఫ్రీన్ చూసింది. కాలేజీలో ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పే అమ్మాయి. నేల మీద బోర్లా పడుకుని ఫొటోలు తీసింది. దాన్ని చూసి తన విద్యార్థుల చేత పుస్తకాల అట్టలు, దుకాణాల బోర్డులు, ఒక బస్టాపు పైకప్పు కూడా గీయించింది. ఈ తిరుగుడుకి ప్రేరణ స్తూపాల మీది చక్రమై ఉంటుందని ఒక ఉపన్యాసంలోనూ, కాలవలో నీటి సుడి అని ఇంకో ఉపన్యాసంలోనూ చెప్పింది. ఏ ఉపన్యాసంలోనూ కొబ్బరినూనె లేదు.

అప్పుడే పైపుల కోసం తవ్వి అరవై రెండు పలకలు పగలగొట్టారు. రెండు నెలల్లో అలాంటివే తెచ్చి అతకకపోతే మొత్తం నేల పీకేసి నున్నటి టైల్సు వేసేస్తామని మందిరం పెద్దలు అఫ్రీన్‌కి చెప్పేశారు. ఆమె హైదరాబాదులో మిషను మీద అచ్చు కోయించింది. అక్కడ కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి తెలివిగా ఒక సూటి పూరేకు గీసి మిగతావన్నీ దాన్నుంచే దించాడు. ఆ అచ్చుతో వేసిన పలకలు పరిచి చూస్తే పువ్వు కదలకుండా కూర్చుంది. పాత అచ్చు కోసం వాకబు చేసుకుంటూ ఆమె సూరన్న ఇంటికొచ్చింది.

సూరన్నకిప్పుడు డెబ్బై రెండు. తూము దగ్గర్నుంచి నన్ను తీసి చింతపండుతో తోమి ఆమె ముందు పెట్టాడు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఈ పూరేకుని ఇలా తిప్పాలన్న ఆలోచన ఎవరిది తాతగారూ, నేను రాస్తున్న పుస్తకంలో ఆ పేరు వేస్తాను అంది. సూరన్న నాదే అంటే సరిపోయేది. ఆచారిది అన్నా సరిపోయేది, అదొక పరిహారంలా కూడా ఉండేది. సూరన్న నన్ను సంచిలో పెట్టుకున్నాడు. "ఆచారిగారింటికి వెళ్దాం రామ్మా," అన్నాడు.

కనకాచారికి ఎనభై ఎనిమిది. భార్య పోయింది. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సూరన్న నన్ను ఆయన ఒళ్లో పెట్టి ఎదురుగా నిలబడ్డాడు.

"అది మీ చేతి వంకర కాదండీ ఆచారిగారూ. నూనె చేతుల్తో నేనే జారవిడిచాను. సుత్తితో సరిచెయ్యబోయాను. ఆ రోజు మీరు తలొంచుకుని వెళ్లిపోతుంటే ఇది నా చేతిలోనే ఉందండీ."

ఆచారి నన్ను వెలుతురుకి తిప్పాడు. బొటనవేలితో నా పట్టీలన్నీ తడుముకుంటూ వచ్చి మధ్య పూరేకు దగ్గర ఆగాడు. దెబ్బలు ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ లెక్కపెట్టాడు. తర్వాత పూరేకు మొదట్లో టంకం తడిమాడు.

"నా అతుకు ఊడలేదు," అన్నాడు. దెబ్బల మీదికి మళ్లీ వేలు తెచ్చి, "నలభై ఎనిమిదేళ్లు నా చెయ్యే తప్పనుకున్నాన్రా," అన్నాడు.

సూరన్న నేల మీద కూలబడి ఏడ్చాడు. క్షమించమని ఇతను అడగలేదు, క్షమించానని ఆయన అనలేదు. నేను ఇత్తడిని, ఇలాంటి చోట్ల ఎవరి వైపూ మాట్లాడను. కానీ ఆయన వేళ్లు నా మీద అంత తేలిగ్గా కదలడం నాకు బాగుంది.

అఫ్రీన్ భయం వేరు. ఆయన అక్కడికక్కడే సరిచేసేస్తాడేమోనని. ఆచారి ఎన్ని పలకలు కావాలని అడిగాడు. అరవై రెండంది. "నేలంతా వంకరే కదమ్మా, వంకరగానే పొయ్యండి. అయ్యాక మాత్రం నాది నాకు తెచ్చియ్యాలి."

భీమవరంలో ఒక పాత ప్రెస్సు దొరికింది. సూరన్నే పోశాడు, వెనకటిలాగే ఊపిరి బిగబట్టి. అరవై రెండూ నానాయి, ఎండాయి, పరిచారు. పాతవాటి పక్కన కొంచెం కొత్తగా కనబడుతున్నాయి గాని చక్రం మళ్లీ తిరిగింది. నేల నిలబడింది.

మాట ప్రకారం నన్ను ఆచారికి ఇచ్చారు. నన్ను సరిచెయ్యడానికి ఒక పూట పట్టింది ఆయనకి. వేడిచేసి, పటకారుతో వంచి, ఆకురాయితో దెబ్బల గరుకు తీసి, కంపాసుతో మూడు పూరేకులూ కొలిచాడు. దబ్బకాయ సంగతి ఆ పూటే అఫ్రీన్‌కి చెప్పాడు. చివరికి తెల్లకాగితం మీద నన్ను పెట్టి గళ్ల లోపల పెన్సిలు తిప్పి, ఎత్తి, కాగితం సూరన్నకి చూపించాడు.

"సూటిగా ఉందా?"

"ఉందండీ," అన్నాడు సూరన్న. ఈసారి ఆచారి నమ్మాడు.

ఆ మాఘంలో ఆయన పోయాడు. ఇప్పుడు నేను అఫ్రీన్ కాలేజీలో ఒక అద్దాల బీరువాలో ఉన్నాను. ప్రతి ఏడూ కొత్త విద్యార్థులు గోడ మీది నేల ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూసి, ఇది ఆ అచ్చు కాదంటారు. వాళ్లది తప్పు కాదు, నేను వేసిన పలకల్లో ఒక్కటీ ఇప్పుడు నాకు సరిపోదు. ఆచారి గీసిన కాగితం నా కిందే పరిచి ఉంది. అది కనబడాలంటే నన్ను పైకెత్తాలి.