గేటు మీద అయిదు వేళ్లు

పెళ్లయి నలభై రెండు రోజులు. ఇంతలోనే నాకో సవతి తయారైందని నా గట్టి అనుమానం.

మా ఆయన ఇనుప సామాన్లకు తుప్పు పట్టకుండా పూతలు వేసే షెడ్డులో పనిచేస్తారు. పూత మందం మైక్రాన్లలో కొలిచి సంతకం పెట్టే ఇన్‌స్పెక్టరమ్మ ఒకావిడ ఉంది. అన్నం తింటుంటే ఆవిడ ఫోను, కాఫీ తాగుతుంటే ఆవిడ ఫోను. "మైక్రాన్లు" అనే మాట ఆయన నోట నా పేరు కంటే ముద్దుగా పలుకుతుంది.

ఆయన మరిచిపోయిన టిఫిన్ డబ్బా వంకతో ఆ మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లాను. డబ్బా ఇవ్వడానికే జడ మూడుసార్లు వేసుకున్నాను. తుప్పంతా ఊడగొట్టిన పెద్ద గేటు ఒక రెక్క మీదికి ఇద్దరూ తలలు తగిలేంత దగ్గరగా వంగి ఉన్నారు. ఆవిడేదో అంది. ఆయన పకపకా నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. పక్కనున్న రెండో రెక్కను పట్టుకుని నిలబడ్డాను. చల్లగా, గరుగ్గా తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. శుభ్రం చేసిన ఇనుమును ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, చెమట అంటినచోట పూత పొక్కిపోతుందని ఆయన ఎన్నిసార్లు చెప్పారో! గబుక్కున చెయ్యి తీశాను. అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి.

పొక్కితే సంతకం పెట్టిన ఆవిడకే చీవాట్లు. నోరు మూసుకున్నాను.

ఇన్‌స్పెక్టరమ్మ ఈ రెక్క మీదికి టార్చి వేసింది. "ఎవరిదబ్బాయ్ ఈ హస్తవాసి? ఇంకో తప్పు దొరికితే నిన్ను తీసేస్తామన్నారు, గుర్తుందా?"

ఆయన అచ్చు వంక చూశారు. తర్వాత నా వంక. "నాదే మేడమ్. గ్లవ్స్ మర్చిపోయా."

"నాది!" అని అరిచాను. "చూసుకోకుండా పెట్టాను. చెప్పకపోవడం మాత్రం కావాలనే."

"ఎందుకమ్మా?"

"మీ మీద కుళ్లు. ఎప్పుడు చూసినా ఫోన్లు!"

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "అన్నం చేతులతో పనిలోకి రావద్దని తిట్టడానికేగా ఫోన్లు! ఇంద, గ్లవ్స్. థిన్నర్‌తో తుడువు. సాయంత్రం లోపు మొదటి పూత, ప్రైమర్, పడకపోతే మళ్లీ తుప్పు లేస్తుంది."

నేను తుడిచాను. ఆయన ప్రైమర్ కొడుతూ, ఎక్కడా చుక్క జారకుండా, ఊపిరి బిగబట్టి ఆ రెక్కనే చూస్తూ ఉండిపోయారు. నన్నంత మురిపెంగా ఒక్కసారైనా చూశారా?

ఆవిడ మీద కుళ్లు పోయింది. గేటు మీద మొదలైంది.