వీధి పొడవు సొరుగు

పొద్దున్న తొమ్మిదిన్నరకి కార్డులమ్మ ఆఫీసు తలుపులు తీసేది. కిటికీలు తెరిచి, బల్ల తుడిచి, క్యాలెండర్లో నిన్నటి కాగితం చింపి, చెక్క బీరువాలో నడుం ఎత్తున ఉన్న ఒక సొరుగు పిడి పట్టుకుని చిన్నగా ఒక్క లాగు లాగేది. ఇక దాన్ని ఎవరూ ఆపలేరు. గది దాటి, గుమ్మం దాటి, తనంతట తనే వీధిలోకి వెళ్ళిపోయేది. ఆఫీసు వీధి మొదట్లో అడ్డంగా ఉండటం వల్ల సొరుగు సరిగ్గా వీధి మధ్యలోంచి సాగేది. వెళ్ళేవాళ్ళు దానికి ఒక పక్క, వచ్చేవాళ్ళు ఇంకో పక్క. పోలీసులు ఎన్నేళ్ళు మొత్తుకున్నా రాని క్రమశిక్షణ దానివల్ల వచ్చింది. దర్జీ దాని అంచు మీద కత్తెర పెట్టుకునేవాడు. కుక్కలు దాని నీడన పడుకునేవి. పెద్ద వ్యాను వచ్చినప్పుడు మాత్రం డ్రైవరు "అమ్మా, మీ సొరుగు కాస్త లోపలికి!" అని కేకేసేవాడు.

అది "సెట్" అనే మాట సొరుగు. ఆ ఆఫీసులో ఇంగ్లీషు మాటలకి తెలుగు నిఘంటువు తయారవుతోంది. మిగతా మాటలన్నీ మూరెడు సొరుగుల్లో బుద్ధిగా సర్దుకున్నాయి. ఇదొక్కటే, మూడక్షరాల ముక్క, పిట్ట కొంచెం కూత ఘనం. సూర్యుడి పక్కన చేరితే కుంకడం. పాల దగ్గర తోడుకోవడం. విరిగిన ఎముక దగ్గర అతుక్కోవడం. ఉంగరంలో రాయికైతే పొదగడం, పాటకైతే బాణీ కట్టడం, ఎలుకకైతే బోను పెట్టడం. కట్టుడు పళ్ళు చేసే ఆయన్ని అడిగితే ఇవేవీ కావు, మొత్తం ముప్ఫై రెండు పళ్ళు అనేవాడు. ఒక్కో కార్డు చేరిన కొద్దీ సొరుగు వేలెడు పొడుగయ్యేది.

ఒక్కో కార్డుకీ మూడు గీతలు. మొదటి గీత మీద వాక్యం, రెండో గీత మీద తెలుగు మాట, మూడో గీత మీద ఆ వాక్యం అన్నదెవరో వాళ్ళు చేసే పని. పుస్తకాల్లోంచి ఎత్తి రాయకూడదు, మనిషి నోట విన్నదే రాయాలి. అందుకే ఆవిడ సంచిలో ఖాళీ కార్డులు లేకుండా బయటికి అడుగు పెట్టేది కాదు. బస్సులో, ఆసుపత్రిలో, పెళ్ళిపందిట్లో, ఎక్కడ ఆ మాట వినబడితే అక్కడ ఆగి రాసుకునేది. ఆ పేరు అలా వచ్చింది. పెళ్ళీ పిల్లలూ లేరు. ఆఫీసు వెనక గదే ఇల్లు.

తెరుచుకోవడం సొరుగు వంతు. మూయడం మాత్రం మనిషి వంతు. సాయంత్రం ఐదింటికి ఆవిడ దాని చివరిదాకా నడిచి వెళ్ళి, పిడి దగ్గర చేతులు ఆనించి, ఆఫీసు వరకూ నెట్టుకొచ్చేది. ఈ మధ్య ఆ నడక ఆవిడకి గండంగా ఉంటోంది. సొరుగు వీధి ఆ చివర ఇంటికి దగ్గరవుతోంది. అది ఆవిడ చెల్లెలి ఇల్లు. ఇద్దరికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

చెల్లెలి మొగుడు తాపీ మేస్త్రి. తొమ్మిదేళ్ళ కిందట ఒక రోజు పొద్దున్న తన గుమ్మం ముందు కొత్తగా సిమెంటు మెట్టు పోశాడు. చేతులు కడుక్కుని, గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. వచ్చిన జనమంతా తడి మెట్టుని జాగ్రత్తగా దాటుకుంటూ లోపలికి వెళ్ళారు. చెల్లెలు అక్కని కావలించుకుని, "సిమెంటు ఇంకా సెట్ కూడా అవలేదక్కా," అంది.

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. ఆ అర్థానికి ఒక మనిషి నోటి వాక్యం కోసం కార్డులమ్మ ఎన్నో వారాలుగా వెతుకుతోంది. చెయ్యి తనకి తెలియకుండానే సంచిలోకి పోయింది. ఏడుస్తున్న చెల్లెలి వీపే బల్లగా చేసుకుని రాసేసింది.

అక్షరాలు వీపుకి తగిలి చెల్లెలు తలెత్తింది.

"నేను ఏడుస్తుంటే నువ్వు రాసుకుంటున్నావా?"

కార్డులమ్మ కార్డుని గబగబా సంచిలో దోపేసింది.

"నీకు కావలసింది దొరికిందిగా. ఇంక వెళ్ళు."

ఆ కంగారులో కార్డులమ్మ తడి మెట్టు మీద కాలేసి మరీ వెళ్ళింది. అంతమంది దాటిన మెట్టుని తొక్కింది ఆవిడొక్కతే. తర్వాత, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మూడుసార్లు వెళ్ళి తలుపు కొట్టింది. తలుపు తెరుచుకోలేదు. ఆ కార్డుని ఎవరికీ కనపడకుండా సొరుగు ముందు పలకకి ఆనించి, అన్నిటికన్నా ముందు పెట్టింది. రెండో గీత మీద మాత్రం ఏమీ రాయలేకపోయింది.

ఈ శుక్రవారం ఆవిడ రిటైరవుతోంది. వెనక గది ఖాళీ చెయ్యాలి. ఆదివారం వ్యాను వస్తుంది. దూరంగా వేరే ఊళ్ళో ఒక గది మాట్లాడుకుంది. అక్కడికి వెళ్ళిపోతే ఇక ఈ జన్మకి చెల్లెలి ముఖం చూడనని ఆవిడకి తెలుసు.

శుక్రవారం పొద్దున్న కట్టుడు పళ్ళాయన ఆఖరి వాక్యం తెచ్చిచ్చాడు. "పళ్ళ సెట్టు పెట్టుకున్నాక మా మామయ్య మళ్ళీ ఈల వేశాడు." ఆ కార్డు పెట్టగానే సొరుగు ఇంకో వేలెడు సాగింది.

నాలుగున్నరకి నిఘంటువు సంపాదకుడు వచ్చి నిలబడ్డాడు. "అన్నీ సరిపోయాయమ్మా, ఒక్కటి తప్ప. మొట్టమొదటి కార్డులో రెండో గీత ఖాళీగా ఉందట. రాసెయ్యండి, లేకపోతే చింపెయ్యండి. రేపు సొరుగు ప్రెస్సుకి వెళ్ళాలి."

"అలాగేనండీ," అంది కార్డులమ్మ.

కానీ ఆ కార్డు ఇప్పుడు వీధి ఆ చివర, చెల్లెలి మెట్టుకి ఆనుకుని ఉంది. అక్కడిదాకా వెళ్ళి ఆ ఇంటి ముందు నిలబడి కార్డు చింపడమా? రాయడమా? ఐదైంది. ఐదుంబావైంది. బల్ల దగ్గర అలాగే కూర్చుంది.

అప్పుడు సొరుగు కదిలింది. కార్డులు ఒక్కొక్కటే గుమ్మంలోంచి లోపలికి రావడం మొదలుపెట్టాయి. ఎవరో అటునుంచి నెడుతున్నారు. "ఉండమ్మా, కత్తెర తీసుకోనీ," అని బయట దర్జీ గొంతు. కుక్కలు లేచి ఒళ్ళు విదిలించుకున్న చప్పుడు. కార్డులమ్మ లేచి నిలబడింది.

చిట్టచివరికి ముందు పలక గుమ్మం దాటింది. దాని వెనక, చెమటతో తడిసిన ముఖంతో, సగం నెరిసిన జుట్టుతో చెల్లెలు.

"ఇంత బరువేమిటక్కా ఇది!"

తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట అది.

"రోజూ నేనే నెడతానే," అంది కార్డులమ్మ.

చెల్లెలు మొదటి కార్డు బయటికి తీసింది. "దారిపొడుగునా చదువుకుంటూ వచ్చాను. డాక్టరు, డ్రైవరు, దర్జీ అని అందరికీ వాళ్ళ పని రాశావు. నాకు మాత్రం 'నా చెల్లెలు' అని రాశావేం?"

"మరింకేం రాయను?"

చెల్లెలు చెయ్యి చాపింది. "పెన్నిలా ఇవ్వు. అటు తిరుగు."

కార్డులమ్మ తిరిగింది. చెల్లెలు ఆవిడ వీపు మీద కార్డు పెట్టి, ఖాళీగా ఉన్న రెండో గీత మీద రాయడం మొదలుపెట్టింది. మొదట గ. తర్వాత ట్టి. తర్వాత ప. కార్డులమ్మకి కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"ఆ మెట్టు బాగు చేస్తామని ముగ్గురు మేస్త్రులు వచ్చారు," అంది చెల్లెలు రాస్తూనే. "నేనే వద్దన్నాను. వానొస్తే నీ పాదం అచ్చులో నీళ్ళు నిలుస్తాయి. తుడవడం అలవాటైపోయింది."

"నన్ను క్షమించవే."

"కదలకు. అక్షరం వంకరపోతోంది."

ఆదివారం వ్యాను వచ్చింది. రెండు ట్రంకు పెట్టెలు, ఒక కుర్చీ, ఒక మనిషి. సొరుగు లేదు కాబట్టి వీధి మధ్యలోంచే వెళ్ళి ఆ చివర ఆగింది. కార్డులమ్మ దిగి, చెప్పులు విప్పి, మెట్టు మీది అచ్చులో కాలు పెట్టింది. తొమ్మిదేళ్ళలో పాదం కాస్త లావైనట్టుంది, బిగుతుగా పట్టింది.

"ఫరవాలేదు, రా," అంది చెల్లెలు లోపల్నుంచి.